మూత బిగించని మరచెంబు

కొత్త కుండలో మొదటిసారి నీళ్ళు పోస్తే ఒక చప్పుడు వస్తుంది. చెవి దగ్గరపెడితే గాని వినబడదు. కాలిన పెనం మీద నీటిచుక్క పడ్డట్టు సుయ్‌మని, సన్నగా, చాలాసేపు. మొన్న గుడివాడ బజారులో బేరమాడి తెచ్చిన కుండని మా వీధి గేటు పక్కన ఇసక పోసి కూర్చోబెట్టి, బిందెడు నీళ్ళు నింపాను. మట్టివాసన గుప్పుమంది. మనవరాలు హర్షిత ఫోను పక్కన పడేసి, కుండకి చెవి ఆనించి, "అమ్మమ్మా, ఇది నీళ్ళు తాగుతోందే!" అంది. "తాగదూ మరి? కుమ్మరి ఆవంలో కాలి వచ్చింది. ముందు దాని దాహం తీరాలి, తర్వాతే మనకిస్తుంది" అన్నాను. అన్నాక గాని ఆ మాట నాది కాదని, చిన్నప్పటి మా పంతులమ్మగారిదని గుర్తు రాలేదు. కొత్త కుండ వాసన అందరికీ హాయిగా ఉంటుందంటారు. నాకు మాత్రం ఆ చప్పుడు వింటే గుండె ఝల్లుమంటుంది. మా ఇంటి అరుగు మీద, మిట్టమధ్యాహ్నం, ఒక మనిషి నోటి పక్కనుంచి కారిన నీళ్ళు కాలుతున్న నాపరాయి మీద పడి చేసిన చప్పుడూ అదే.

నేను చదివింది ఐదో తరగతి. మా ఊరు నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న పల్లె. బావి తవ్వితే ఉప్పునీళ్ళు. తాగే నీళ్ళ కోసం ఊరి చివర ఇసకలో చెలమ తీసుకోవాలి. అదీ పైపైనే. ఆశపడి ఇంకో జానెడు తవ్వారా, అడుగునున్న ఉప్పు పైకి వచ్చేస్తుంది, ఆ చెలమ ఇక గొడ్లకి కూడా పనికిరాదు. మా అమ్మ చిప్పతో తోడి, బిందె నిండేదాకా వంగి ఉండి, నడుం పట్టుకుని ఇంటికొచ్చేది. అలాంటి చోట పుట్టినదాన్ని కాబట్టి, పంపు వదిలేసి పళ్ళు తోముకునేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. కూరగాయలు కడిగిన నీళ్ళు మొక్కలకి పోయకపోతే ఊరుకోను. అల్లుడు నవ్వుతాడు, కూతురు విసుక్కుంటుంది. నవ్వనీ, విసుక్కోనీ.

మా బడి తాటాకు పాక. అందరికీ కలిపి ఒకే గది, ఒకే పంతులమ్మగారు. ఆవిడ పేరు విశాలాక్షి. బందరులో తరతరాలుగా పంతుళ్ళయిన కుటుంబం నుంచి ఉద్యోగం మీద మా ఊరొచ్చి, మా ఎదురింట్లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. సుద్దముక్క చీర చెంగుకి ముడేసుకునేవారు, పోతుందని కాదు, కొత్తది అడిగితే పైవాళ్ళు ఇవ్వరని. ఆ పొదుపు నాకు నచ్చింది. ఆవిడకి మాటలంటే పిచ్చి. ఏదైనా మాట చెప్తే "దీని పుట్టిల్లు ఎక్కడ?" అనడిగేవారు. మనుషులకే కాదు, మాటలకీ పుట్టిళ్ళుంటాయని ఆవిడ చెప్పేదాకా మాకు తెలియదు.

ఒకరోజు దాహం గురించి చెప్పారు. "దప్పిక మనింటి ఆడపిల్ల. ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెరిగింది. దాహం మాత్రం కోడలు. సంస్కృతం వాళ్ళింటి నుంచి వచ్చింది. దాని పుట్టింటి మాటకి అర్థం కాలటం. దహనం అంటాం చూశారా, ఆ దహనం దీని తోడబుట్టిందే." దహనం అన్న మాట మాకు ఎవరో పోయినప్పుడు తప్ప వినబడేది కాదు. రోజూ నోటితో అనే మాట వెనక అంత మంట ఉందని వినేసరికి నాకు భయమేసింది. లేచి నిలబడ్డాను.

"అదేంటండీ? మా అరుగు మీదకొచ్చేవాళ్ళంతా 'దాహం ఇవ్వండమ్మా' అనే అడుగుతారు. మంటని ఇమ్మని అడుగుతారాండీ ఎవరైనా?"

ఆవిడ నవ్వలేదు. "మంచి ప్రశ్నే మణీ. పోయినేడు ఎండల్లో పల్లెలో తాటాకిళ్ళు అంటుకున్నప్పుడు ఏమని అరిచారర్రా మీరంతా?"

"నిప్పో నిప్పో అనండీ!" అన్నాం అందరం ఒక్కసారే.

"కావలసింది నీళ్ళు కదా? నీళ్ళో నీళ్ళో అని ఎందుకరవలేదు?"

ఆవిడే చెప్పారు. "నిప్పు పేరు చెప్తే చాలు. నీళ్ళు జనమే తెస్తారు. దాహమన్నా అంతే. లోపల అంటుకుంది అని చెప్పటం. సరే గాని, ఆ రోజు బిందెలు పట్టుకుని పరిగెత్తారు కదా, 'ఎవరిల్లు?' అని ఎవరైనా అడిగి వెళ్ళారా?" "లేదండీ." "అదీ సంగతి. ఎక్కాలు తీయండి" అన్నారు. అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఎత్తనక్కర్లేకుండానే ఆవిడ దాన్ని చేసి చూపించారు. బడి వసారాలో ఒక కుండ, దాని మీద ఒక సత్తుగ్లాసు. దారినపోయే ఎవరైనా సరే ఆ గ్లాసుతోనే ముంచుకుని తాగొచ్చు. ఇది మా ఊరికి మింగుడుపడలేదు. మా ఊరి పద్ధతి వేరు. అరుగు మీదకొచ్చి దాహం అడిగినవాణ్ణి ముందు "ఎవరు? ఏ ఊరు? ఎవరి తాలూకు?" అని అడగాలి. మనవాళ్ళయితే ఇత్తడి చెంబు చేతికిస్తారు. కాకపోతే దోసిలి పట్టమని పైనుంచి పోస్తారు. కులం తెలియకపోతే ఏ పాత్ర తీయాలో తెలియదు కదా. ఇందులో తప్పుందని అనుకున్నవాళ్ళు లేరు. అడగటం మర్యాదనుకునేవాళ్ళు కూడా. మా నాయనమ్మ అయితే బడి కుండ సంగతి తెలిసిన రోజే తేల్చేసింది: "ఆ పంతులమ్మ కుండలో చుక్క నువ్వు ముట్టావంటే, బడీ వద్దు, నువ్వూ వద్దు." నా చేతికి ఒక ఇత్తడి మరచెంబు ఇచ్చింది. మర తిప్పితే బిగిసే మూత, పైన కడియంలాంటి పిడి. అందులో ఇంటి నీళ్ళు పోసుకుని బడికెళ్ళేదాన్ని.

పంతులమ్మగారు కోప్పడతారని బిక్కుబిక్కుమంటూ ఆ చెంబుని పలక వెనకాల దాచుకున్నాను. ఆవిడ చూశారు. చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "బాగుంది. పనివాడు శ్రద్ధగా చేశాడు. ఇది నీ చెంబే, నీ నీళ్ళే. మూత మాత్రం మరీ బిగించకు. ఎవరైనా అడిగితే తీసేసరికి ఆలస్యమవుతుంది" అన్నారు. అప్పుడు నాకది పొదుపు తెలియని మాటలా అనిపించింది. వదులుగా ఉంటే కారిపోదూ? ఇంటికెళ్ళి నాయనమ్మకి చెప్తే, "చెప్పే నోటికి మోసే నడుం ఉంటే తెలుస్తుంది" అంది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. ఉగాది వెళ్ళిన కొద్దిరోజులకే ఒంటిపూట బడులు. ఒక మధ్యాహ్నం నాన్న చల్లపల్లి వెళ్ళాడు, అమ్మ చెలమ దగ్గరుంది. నాయనమ్మ అరుగు మీద నీడలో కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే నేను పక్కన కూర్చున్నాను. వీధిలో కాకి కూడా లేదు. నడివయసు మనిషొకడు వచ్చాడు. తలకి తువ్వాలు, చంకలో కాగితప్పొట్లం. మొహం ఎర్రగా కాదు, బూడిదలా ఉంది. చెమట లేదు. వచ్చి మా అరుగు స్తంభం పట్టుకుని, "దాహం" అన్నాడు. "ఇవ్వండమ్మా" అని కూడా అనలేకపోయాడు.

"ఎవరు నాయనా? ఏ ఊరు మనది?" అంది నాయనమ్మ. కసురుకుని అడగలేదు. ఇది రాసి తీరాలి. చుట్టాన్ని పలకరించినట్టే పలకరించింది. అతని పెదాలు కదిలాయి, మాట రాలేదు. నేను లేవబోయాను. "ఉండవే, చెప్పనీ. ఎవరి తాలూకు నాయనా?" అంది మళ్ళీ. అతను చెప్పాలనే చూశాడు. అది నాకు బాగా గుర్తు. జవాబు చెప్తే గాని నీళ్ళు రావని అతనికీ తెలుసు. అతనూ ఈ ప్రాంతం వాడే కదా. నాలుక పైకెత్తి ఏదో అక్షరం పట్టుకోబోయాడు. అది ఏ అక్షరమో కూడా తేలలేదు. "తాగొచ్చాడా ఏంటి, ఇలా తూలుతున్నాడు" అంటూ నాయనమ్మ చింతపండు చాట పక్కన పెట్టేలోపు, స్తంభాన్ని పట్టుకున్న చెయ్యి మెల్లగా జారింది. మనిషి కూడా దానితో పాటే జారాడు.

అప్పుడు నాయనమ్మ పరుగెత్తింది. ఆ వయసులో ఆవిడ పరుగెత్తటం నేనెప్పుడూ చూడలేదు. మేం తప్ప ఎవరూ ముట్టని ఇత్తడి చెంబే తెచ్చింది. అతని తల ఒళ్ళో పెట్టుకుని, "తాగు నాయనా, తాగు, ఎవరైతేనేం, తాగు" అంటూ నోట్లో పోసింది. నీళ్ళు లోపలికి వెళ్ళలేదు. నోటి పక్కనుంచి కారి, ఎండ పడ్డ అరుగు అంచు నాపరాయి మీద పడ్డాయి. సుయ్‌మంది. చూస్తుండగానే తడి ఆరిపోయింది. ఆవిడ మళ్ళీ పోసింది, మళ్ళీ కారాయి. బొట్టు బొట్టూ చూసుకునే మా నాయనమ్మ చెంబు మొత్తం రాయి మీద ఒంపేసింది.

నా కేక విని ఎదురింట్లోంచి పంతులమ్మగారు వచ్చారు. మెడ మీద వేళ్ళుంచి చూశారు. అరచేత్తో అతని కళ్ళు మూశారు. నాయనమ్మ ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. నేనూ చూస్తున్నాను. ఇప్పుడు అంటారు, బడిలో చెప్పిన మాటే ఇక్కడా అంటారు అనుకున్నాను. ఆవిడ, "మణీ, దుప్పటి పట్రా" అన్నారు. అంతే.

పొట్లం విప్పితే గాజులు. ఎర్రగాజులు, చిన్నపిల్లవి. మనిషితో పాటు జారిపడినా ఒక్కటి పగల్లేదు. నా చేతికి సరిగ్గా పట్టేవి. మునసబుగారు చుట్టుపక్కల ఊళ్ళలో టముకు వేయించారు. పంతులమ్మగారు స్వయంగా నాగాయలంక బస్సుల దగ్గరికెళ్ళి కనబడిన ప్రతివాణ్ణీ అడిగారు. ఎవరూ రాలేదు. ఊరివాళ్ళే కార్యం జరిపించారు. ఎవరో తెలుసుకున్నాకే నీళ్ళిద్దామనుకున్నాం. అతనెవరో ఇప్పటికీ తెలియదు. నాకు మనవరాలు పుట్టింది, జుట్టు నెరిసింది, అయినా ఈ ముక్క రాస్తుంటే నమ్మకం కలగటం లేదు.

ఆ మర్నాటి నుంచి నాయనమ్మకి నీళ్ళు దిగలేదు. పంతం కాదు. గ్లాసు పెదాల దాకా తెచ్చుకునేది, చెయ్యి ఆగిపోయేది. "దిగటం లేదే. నా నోట్లోంచీ పక్కకి కారిపోతాయేమో" అనేది. అతను ఆనుకున్న స్తంభానికే ఆనుకుని కూర్చుంది. అమ్మ మజ్జిగ పట్టుకొచ్చి ఏడ్చింది. నాన్న మొదట బతిమాలాడు, తర్వాత అరిచాడు. "ఎవడో దారినపోయేవాడి కోసం నువ్వు పోతావా? ఎందుకు తాగవు, చెప్పు!" నాగాయలంక నుంచి తెచ్చిన ఆరెంపీ డాక్టరు నాలుక చూసి, తల అడ్డంగా ఊపి, "అవనిగడ్డ తీసుకెళ్ళి సెలైను పెట్టించండి, లేకపోతే దక్కదు" అన్నాడు. మోసుకెళ్ళటానికి మంచం తెచ్చారు. నాయనమ్మ స్తంభం వదల్లేదు. కళ్ళు లోపలికి పోయాయి. ఒంట్లో చెమట లేదు. మొహానికి ఆ బూడిదరంగే వచ్చేసింది. ఎదురుగా నిలబడి చూస్తుంటే, అరుగు మీద మళ్ళీ అతనే కూర్చున్నట్టుంది.

అప్పుడు పంతులమ్మగారు వీధి దాటి వచ్చారు. చేతిలో బడి కుండ మీది సత్తుగ్లాసు, నిండా నీళ్ళు. ఊళ్ళో ప్రతి చెయ్యీ ముట్టిన గ్లాసు. నాన్న పక్కకి జరిగి దారిచ్చాడు. ఆవిడ అరుగు మీద, నాయనమ్మ పక్కన చతికిలబడ్డారు. గ్లాసు పక్కనే పెట్టుకుని, తాగమని కూడా అనకుండా ఊరికే కూర్చున్నారు.

కాసేపటికి నాయనమ్మ గొంతు పీలగా లేచింది. "ఏం పంతులమ్మా, దెప్పటానికొచ్చావా?"

"లేదు పిన్నిగారూ."

"ఊరంతా అడుగుతోంది, ఎందుకు తాగవు, ఎందుకు తాగవు అని. నువ్వూ అడుగు."

పంతులమ్మగారు గ్లాసు చేతిలోకి తీసుకున్నారు. ఎదురుచూడటం తప్ప ఏమీ చేయలేదు. నాయనమ్మ పెదాలు కదిలాయి. నాలుక పైకెత్తి దేనికోసమో వెతికింది. చివరికి ఒక్కటే మాట వచ్చింది. "దాహం."

ఆ మాట పూర్తికాకముందే గ్లాసు పెదాలకి అందింది. మొదటి గుక్క సగం కారింది. రెండోది దిగింది. గొంతు కదలటం చూసి అమ్మ గోడకి చేరగిలబడింది. ఆ కుండలో చుక్క నన్ను ముట్టొద్దన్న మనిషి, ఆ గ్లాసుని రెండు చేతులా పట్టుకుని అడుగుదాకా తాగింది. తాగాక చాలాసేపటికి, "ఏమీ అడగలేదే నన్ను?" అంది.

"ఇల్లంటుకున్నప్పుడు అడగరు పిన్నిగారూ" అన్నారు పంతులమ్మగారు.

ఇది నాకు అతని చావు కన్నా పెద్ద దెబ్బ. బడిలో విన్నప్పుడు ఆ మాట దాహం అడిగేవాళ్ళ కోసమనుకున్నాను. నీళ్ళివ్వటం ఆలస్యం చేసిన మనిషికి కూడా అదే మాట వర్తిస్తుందని నేనూహించలేదు. పంతులమ్మగారు నాయనమ్మని కోపంతో చూసి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఆవిడ ఖాళీ గ్లాసు పట్టుకుని, చీర దులుపుకుని, వీధి దాటి వెళ్ళిపోయారు.

వైశాఖం రాగానే నాయనమ్మ అతని పేరు మీద నీళ్ళకుండ దానం చేస్తానంది. పోయినవాళ్ళ దాహం తీరాలని మా వైపు చేసే దానం. పురోహితుడు పీట మీద కూర్చుని, నీళ్ళు వదలబోతూ, అలవాటుగా, "ఎవరి పేరు మీదమ్మా? గోత్రం?" అనడిగాడు. నాయనమ్మ తెల్లబోయి చూసింది. తర్వాత, "పేరు లేదండీ. నేనడిగితే చెప్పలేకపోయాడు" అని, కుండ ఎత్తుకుని లేచి, తిన్నగా వెళ్ళి వీధి అరుగు మీద పెట్టేసింది. దాని మీద తన ఇత్తడి చెంబు బోర్లించింది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ చెంబు అక్కడే ఉంది. గాజులు ఎవరైనా వస్తారేమోనని గుడ్డలో కట్టి దూలానికి వేలాడదీసింది. ఎవరూ రాలేదు. నన్ను మాత్రం వేసుకోనివ్వలేదు.

నా పెళ్ళయి గుడివాడ వచ్చాక, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, ఒకసారి బందరు పనిమీద వెళ్ళి పంతులమ్మగారిల్లు వెతుక్కున్నాను. తమ్ముడిగారింట్లో ఉంటున్నారు. వరండాలో కుర్చీలో కూర్చున్నారు, మరీ సన్నబడిపోయి. "నమస్కారమండీ" అన్నాను. నావైపు చూశారు. ఆ చూపులో నేను లేను. ఆవిడ మరదలుగారు గుమ్మంలోంచి, "ఎవర్నీ గుర్తుపట్టరమ్మా. సొంత తమ్ముణ్ణే 'మీరెవరండీ' అంటున్నారు" అన్నారు. నా చేతిలో అరటిపళ్ళ సంచి బరువెక్కింది. చిన్న పల్లెలో ప్రతి పిల్ల పేరూ, ప్రతి మాట పుట్టిల్లూ ఎరిగిన మనిషి! అంతలో ఆవిడ లోపలికి తల తిప్పి, గట్టిగా, పాత గొంతుతోనే, "అమ్మాయ్! ఎండన పడి వచ్చారు. ముందు మంచినీళ్ళు పట్రా" అన్నారు. నీళ్ళొచ్చాయి. నేను తాగుతున్నంతసేపూ ఆవిడ ఓపిగ్గా నా గొంతు వైపే చూశారు. గ్లాసు కింద పెట్టాక అడిగారు.

"ఎవరమ్మా నువ్వు?"

చెప్పాను. మణినండీ అన్నాను, మీ ఎదురింటి పిల్లనండీ అన్నాను, మరచెంబు సంగతి కూడా చెప్పాను. "అలాగా" అన్నారు, మర్యాదగా. ఏమీ గుర్తురాలేదు. ఊరు, బడి, నాయనమ్మ, ఆ మధ్యాహ్నం, అన్నీ పోయాయి. ఏది ముందో ఏది తర్వాతో, అదొక్కటి మిగిలింది.

ఇప్పుడు మా గేటు దగ్గర కుండ నింపి లోపలికొస్తుంటే గేటు చప్పుడయింది. ఎవరో ఆగి, కుండ మీది గ్లాసుతో ముంచుకుని, ఎత్తిపట్టి తాగుతున్నారు. "ఎవరమ్మమ్మా?" అంది హర్షిత కిటికీలోంచి. "తాగనీవే" అన్నాను. తాగటం అయ్యాక మళ్ళీ చూస్తే వీధిలో ఎవరూ లేరు. గ్లాసు బోర్లించి ఉంది.

నాయనమ్మ ఇచ్చిన మరచెంబు ఇంకా నా దగ్గరే ఉంది. బస్సెక్కితే అదే నా చేతిలో ఉంటుంది. నీళ్ళ సీసా కొనటానికి నాకు చేతులు రావు. మూత సగం తిప్పి వదిలేస్తాను. మా ఊరివైపు వెళ్ళేటప్పుడు మొవ్వ దాటాక రోడ్డు గతుకుల్లో నీళ్ళు తొణికి ఒళ్ళో చీర తడుస్తుంది. "ఇంత జాగ్రత్త గల దానివి, మూత బిగించుకోవచ్చు కదమ్మా!" అంటుంది మా అమ్మాయి ప్రతిసారీ. బొట్టు పారబోస్తే ఇల్లంతా వినబడేలా అరిచే నేను, దీనికి మాత్రం జవాబు చెప్పను. తడి చీర సర్దుకుని, బస్సులో ఎవరి పెదాలు ఎండి ఉన్నాయోనని చూస్తూ కూర్చుంటాను.